అత్తగారు నింపిన ఫారం

ఆ సాయంకాలపు బడిలో గళ్ళాయనంటే తెలియనివాళ్ళు లేరు. పెద్దవాళ్ళకి ఈత, వడ్రంగం, మట్టిపని నేర్పే బడి అది. దాని వెబ్ పేజీలు చేసిపెట్టేది ఆయనే. ఏ ఫారం చెయ్యమన్నా ముందు తెర మీద ఓ టేబుల్ గీసేవాడు. పై వరస గళ్ళలో పేరు, వయసు, ఫోను అని ప్రశ్నలు, కింది వరస గళ్ళలో జవాబు రాసే పెట్టెలు. ఏదైనా కాస్త పక్కకి జరగాలంటే మధ్యలో ఓ ఖాళీ గడి దూర్చేవాడు. అదీ చాలకపోతే గడిలో ఇంకో బుల్లి టేబుల్. ఆఖరికి గీతలన్నీ కనపడకుండా దాచేసి, కుర్చీలో వెనక్కి వాలి చూసుకుని మురిసిపోయేవాడు. కాకిపిల్ల కాకికి ముద్దు మరి.

పక్క సీటావిడ మాత్రం ఊరుకునేది కాదు. "టేబుల్ అంటే లెక్కల పట్టికలకి సార్. ఫారంలో ప్రశ్న, దాని వెనకే దాని పెట్టె, అలా వరసగా రాసుకుపోండి. ఏది ఎక్కడ కనపడాలో విడిగా స్టైల్ షీట్ అనే ఫైల్లో రాస్తే, అదే చూసుకుంటుంది."

"బాగానే నడుస్తున్నదాన్ని కెలకడమెందుకు మేడమ్," అని తప్పించుకునేవాడు. మంచివాడే, కానీ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం.

ఆయన అత్తగారు కూతురి దగ్గరే ఉంటోంది. ఆవిడకి చూపు మసకబారింది. కుట్టుపని మానేసింది, చదవడం మానేసింది. కానీ తెర మీదున్నది పైకి చదివే ఫోనుతో నెలల తరబడి కుస్తీ పట్టి, దాన్ని దారికి తెచ్చుకుంది. ఇప్పుడు మట్టిపని నేర్చుకుంటానని కూర్చుంది. దానికి చేతులు చాలునట.

ఆదివారం పొద్దున హాల్లో కూర్చుని ఫోనులో ఆ బడి ఫారం తెరిచింది. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న అల్లుడికి ఫోను గొంతు వినిపిస్తూనే ఉంది. "పేరు. వయసు. ఫోను నంబరు. ఖాళీ. రాసే పెట్టె. ఖాళీ. రాసే పెట్టె. రాసే పెట్టె." ఏ పెట్టె దేనిదో ఆవిడకేం తెలుస్తుంది? లెక్క తప్పి, తన పేరు తీసుకెళ్ళి వయసు పెట్టెలో రాసింది. "వయసు అంకెల్లో రాయండి," అంది ఫోను.

"నేను రాసింది పేరే తల్లీ," అని ఆవిడ ఫోనుకి నచ్చచెప్పబోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అదే పాట.

అల్లుడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఇలా ఇవ్వండి అత్తయ్యగారూ, చిటికెలో నింపేస్తాను."

ఆవిడ ఫోను ఒళ్ళోకి లాక్కుంది. "మందులు మీరే తెస్తారు, బస్సు మీరే ఎక్కిస్తారు, కాదన్నానా? ఇదొక్కటి నన్ను చేసుకోనివ్వండి బాబూ. ఇది కూడా నా వల్ల కాకపోతే నాకా తరగతే వద్దు." ఆపైన కసిగా, "అసలు ఈ ఫారం చేసినవాడికి బుర్రుందా అని," అంది.

"మీ అల్లుడే చేశారమ్మా," అంది లోపల్నించి కూతురు, నవ్వు ఆపుకోలేక.

అత్తగారు నాలిక్కరుచుకుంది. అల్లుడు మళ్ళీ గిన్నెల దగ్గరకి వెళ్ళిపోయాడు. తిట్టినందుకు కాదు ఆయన బాధ. ఇన్నాళ్ళూ ఎంతమంది ఇలా మొదలుపెట్టి వదిలేసుంటారో అన్నది లోపల దొలిచేసింది.

మర్నాడు పక్క సీటావిడ దగ్గరికి కుర్చీ లాక్కున్నాడు. "ఆ స్టైల్ షీట్ సంగతేమిటో చెప్పండి మేడమ్." ఆవిడ దెప్పలేదు. చెప్పుకోవాలి, అదే ఆవిడ గొప్ప.

టేబుల్ తీసెయ్యగానే ఫారమంతా ఎడమ పక్కకి కుప్పకూలింది. ఒక్కో ప్రశ్నని దాని పెట్టెకి ముడేశాడు. పెద్ద తెర మీద పక్కపక్కన, ఫోను మీద ఒకదాని కింద ఒకటి రావాలని స్టైల్ షీట్‌లో రాసుకొచ్చాడు. ఒక పెట్టె సర్దితే ఇంకోటి జారేది. తలప్రాణం తోకకొచ్చింది. తీరా కుదిరాక, షీట్‌లో ఒక్క ముక్క మారిస్తే పెట్టెలన్నీ ఒకేసారి వెడల్పవడం చూసి, మిగతా పూటంతా వాటిని సాగదీస్తూ, కుదిస్తూ ఆడుకున్నాడు. బడి ఫారాలన్నీ ఒకటొకటిగా మారాయి.

శనివారంతో గడువు అయిపోతుందనగా, అత్తగారు మళ్ళీ ఫారం తెరిచింది. అల్లుడు గుమ్మం పక్కన నిలబడ్డాడు.

"పేరు, రాసే పెట్టె," అంది ఫోను. ఆవిడ రాసింది. "వయసు, రాసే పెట్టె." ఆవిడ రాసింది, అందులో రెండేళ్ళు తగ్గించి. అల్లుడు విననట్టే ఊరుకున్నాడు. అలా ఒకదాని వెంట ఒకటి, ఎక్కడా ఆగకుండా చివరిదాకా వచ్చేసింది.

"ఈ ఫారం నింపడంలో మీకు సాయపడినవారి పేరు," అని అడిగింది ఫోను.

అత్తగారు ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ రాసింది. ఆవిడ రాసింది ఫోను గట్టిగా చదివి వినిపించింది: "ఎవరూ లేరు."

గుమ్మం పక్కన గళ్ళాయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన పనిని అంతగా మెచ్చుకున్నవాళ్ళు అంతవరకు ఎవరూ లేరు.