గొడుగు చబుత్రా

మా వదినకు పిచ్చి లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మా బంధువుల్లో ఎవరిని అడిగినా, ఇంటి వెనుక అరుగులాంటి చబుత్రా కట్టిన యేడు ఆమెకు మతి చెడిందని చెబుతారు. చబుత్రా కట్టించింది నేను. మతి చెడిందని చెప్పిందీ నేనే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అరవయ్యవ దశకం మొదట్లో వరంగల్ బజారులో మాకు బట్టల దుకాణం ఉండేది. గల్లా మీద అన్న కూర్చునేవాడు, గజంబద్ద పట్టుకొని నేను నిలబడేవాణ్ణి. హన్మకొండ వైపు అప్పుడప్పుడే కొత్త బంగళాలు లేస్తున్నాయి. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసర్లు వాటిలో దిగుతున్నారు. పరదాల గుడ్డ చూపించడానికి ఒక ఇంజనీరుగారి బంగళాకు పోయినప్పుడు వెనుక తోటలో ఆ వింత చూశాను. గుండ్రటి అరుగు, దాని నడుమ నిలబెట్టిన పెద్ద రంగుల గొడుగు, చుట్టూ పేము కుర్చీలు. ఇంజనీరుగారు పైజామాలో కూర్చొని టీ తాగుతున్నారు. ఒక మనిషి నీడన కూర్చొని టీ తాగడం చూసి నేను నాగరికత అంటే ఇదేనని నిర్ణయించుకున్నాను.

మా దొడ్లో వేపచెట్టు ఉండేది. గొడుగు కన్నా నాలుగింతల నీడ ఇచ్చేది. నేను చేసిన మొదటి పని, గొడుగు పైకి కనబడదని ఆ చెట్టు కొమ్మలు కొట్టించడం. నీడ కోసం నీడను నరికించిన మేధావిని నేను. తరవాత బావి పక్కన బట్టలుతికే బండ తీయించాను, వదిన బట్టలారేసే దండెం తెంపించాను. మిరపకాయలు ఎండబోసుకునే జాగాలో గుండ్రటి చబుత్రా కట్టించి, చుట్టూ షాబాదు బండలు పరిపించాను. మధ్యాహ్నానికి ఆ బండలు పెనంలా కాలేవి. చెప్పులు లేకుండా బావి దగ్గరికి పోవాలంటే ఎగురుకుంటూ పోవాలి. నీళ్ళు తోడేది నేను కాదు కాబట్టి ఆ సంగతి నాకు పట్టలేదు.

ఇంజనీరుగారి గొడుగు లాంటిది బజారులో దొరకలేదు. దుకాణంలో మిగిలిన పరుపుల చారల గుడ్డతో దర్జీ చేత ఒకటి కుట్టించాను. దాన్ని నిలబెట్టడానికి ఏటూరునాగారం అడవి నుంచి వచ్చిన మంచి లావు వెదురు కొని, చబుత్రా నడుమ పాతించాను. చుట్టూ నాలుగు పేము కుర్చీలు వేశాను, ఎర్ర జాజు పూసిన కుండీల్లో క్రోటన్లు పెట్టాను. అన్న వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకొని, మూడు దిక్కుల నుంచి చూశాడు.

"మస్తుగున్నదిరా. ఇంజనీరు సాబ్‌ను పిలుద్దాం."

వదిన బొక్కెన పట్టుకొని వచ్చి చూసింది.

"గిది కూసునేదా, మొక్కేదా మరిదీ?"

"అట్లంటవేంది వదినె?"

"గుండ్రంగ గద్దె, నడుమ వెదురు. మేడారంల గిట్లనే ఉంటది. నువ్వు కుర్చీలెందుకేసినవో సమజైతలేదు."

నాకు కోపం వచ్చింది. వదిన పుట్టిల్లు ములుగు దాటి అడివి వైపు. మేడారం జాతరకు పోకుండా ఆ ఇంట్లో ఎవరూ పెరగలేదు. అడివిలో పుట్టినవాళ్ళకు గొడుగు సొగసు ఏం తెలుస్తుందని మనసులో అనుకున్నాను. గజం గుడ్డ కొలవడం తప్ప ఏదీ తెలియని నేను అనుకున్న మాట ఇది.

అంతకు కొన్ని నెలల ముందు ఆమె బిడ్డకు టైఫాయిడు వచ్చింది. దవాఖానలో పిల్ల కళ్ళు తెరవకుండా పడి ఉన్నప్పుడు, బతికితే నీ గద్దె కాడికి తెచ్చి బిడ్డ ఎత్తు బంగారం ఇస్తానని వదిన సమ్మక్కకు మొక్కుకుంది. ఆ తల్లి దగ్గర బంగారమంటే బెల్లం. పిల్ల బతికింది. జాతర వచ్చింది. వదినకు ఇక వేరే ధ్యాస లేదు. మొక్కు తీరకపోతే బిడ్డకు మళ్ళీ ఏమైనా అవుతుందని ఆమె భయం.

అన్న పోనీయలేదు. "ఎడ్లబండెక్కి అడివిల పడి పోతదట! ఇంజనీరు సాబ్ ఇంటామె పోతదా గట్ల? జర ఇజ్జత్ సూసుకోవాలె."

"ఆమెకు మొక్కు లేదు గావచ్చు," అంది వదిన.

తరవాత నా దగ్గరికి వచ్చింది. "నువ్వన్నా తోలుకపో మరిదీ. మీ అన్న తిట్లు నేను పడ్త."

కుండీలకు ఇంకొక పూత జాజు వేయాలి, తీరదని చెప్పాను. నిజంగా అదే చెప్పాను.

జాతర రోజుల్లోనే అన్న ఇంజనీరు దంపతులను టీకి పిలిచాడు. సాయంత్రానికి వడలు చెయ్యమని వదినకు చెప్పాడు, ఎవరు వస్తున్నారో, ఎక్కడ కూర్చుంటారో చెప్పలేదు. గొడుగు మీద కాకులు రెట్టలు వేశాయని నేను ముందురోజే గుడ్డ విప్పి చాకలికి వేశాను, టీ వేళకు అది తిరిగి రాలేదు. వెదురు ఒక్కటీ బోసిగా నిలబడి ఉంది.

సాయంత్రం జీపులో అతిథులతో కలిసి మేమిద్దరం దిగి, నేరుగా దొడ్లోకి తీసుకుపోయాం. వెదురుకు కింది నుంచి పైదాకా పసుపు, కుంకుమ బొట్లు. పైన ఎర్రటి రవిక గుడ్డ కట్టి ఉంది. చబుత్రా మీద బెల్లం ముద్దలు కుప్పగా ఉన్నాయి, వాటి పక్కన పిల్ల బుగ్గలకు బెల్లం పూసుకొని కూర్చుంది. నలుగురు వాడకట్టు ఆడవాళ్ళు చేతులు జోడించి నిలబడ్డారు. పేము కుర్చీలు బావి దగ్గర ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్నాయి. వదిన తలస్నానం చేసి జుట్టు విరబోసుకొని ఉంది. మొహం నిండా పసుపు.

"ఏవిటండీ ఇదీ? ఆవిడెవరు?" అంది ఇంజనీరుగారి భార్య.

అన్న నా వైపు చూశాడు. నేను అంతకు ముందెన్నడూ మాట్లాడని తెలుగులో, "మా వదినగారండీ. పాపకు జ్వరం వచ్చినప్పట్నుంచీ మతి సరిగా ఉండటం లేదండీ" అన్నాను, వదిన వైపు వేలు చూపిస్తూ.

వదిన విన్నది. అన్న మొహంలోకి చూసింది. ఆ ఒక్క క్షణం ఆయన కాదంటే సరిపోయేది. ఆయన వంగి ఒక క్రోటన్ కుండీ సర్దాడు.

ఇంజనీరుగారు మాత్రం బూట్లు విప్పి చబుత్రా ఎక్కి, బెల్లం ముక్క తీసుకొని కళ్ళకద్దుకున్నారు. "మొక్కు కదండీ, మా అమ్మా చెల్లించేది" అని నోట్లో వేసుకున్నారు. ఆయన కంటికి అక్కడ సిగ్గుపడవలసింది ఏమీ కనబడలేదు. నేను అబద్ధం ఆడింది ఎవరి మెప్పు కోసమో, ఆయనకు ఆ అబద్ధమే అక్కర్లేదు. అప్పటికైనా నోరు తెరవవచ్చు. తెరిచి, లోపలికి దయచేయండి అన్నాను.

లోపల హాల్లో వడలు పెట్టాం. "ఇవి ఆవిడే చేశారా?" అని అడిగి, ఇంజనీరుగారి భార్య ప్లేటు కింద పెట్టేసింది. పోయేటప్పుడు, "అలాంటి మనిషిని పొయ్యి దగ్గర ఒంటరిగా వదలకండి" అని మా మంచి కోరి చెప్పింది.

వాళ్ళు మళ్ళీ రాలేదు. తొలి గాలివానకే నా గొడుగు చిరిగి పక్కింటి రేకుల మీద పడింది. పేము కుర్చీలకు చెదలు పట్టాయి. నా మాట ఒక్కటే చెక్కుచెదరలేదు. హన్మకొండ నుంచి బజారుకు, బజారు నుంచి బంధువులకు పోయింది. పెండ్లిళ్ళలో వదినను పసిపిల్లలను ఎత్తుకోనియ్యడం మానేశారు. బడిలో ఆమె బిడ్డను పిచ్చిదాని బిడ్డ అన్నారు. ఆమె ఏ మాట కాదన్నా అన్నకు తేలికైపోయింది. "దాని మాటకేంది, దానికి తెలివున్నదా?" అనేవాడు. ఆయన పోయేదాకా అదే మాట.

మొన్న ఇది రాసి తీసుకుపోయి వదినకు చదివి వినిపించాను. ఆమె చింతపండు గింజలు తీస్తూ చివరిదాకా విన్నది.

"మంచిగనే రాసినవ్. నా పేరేది?"

"పేర్లు రాయలే వదినె."

"ఎందుకు?"

"దుకాణం ఇంకా నడుస్తాంది గదా. నలుగురిల..."

"పిచ్చిదన్ననాడు వేలు వెట్టి సూపెట్టినవ్. కాదనేనాడు పేరు దాస్తవా? గిది సదివినోళ్ళకు నేనే అని ఎట్ల ఎర్కైతది?"

ఇంటికి వచ్చి కాగితాలు ముందు పెట్టుకొని కూర్చున్నాను. ఆమె పేరు రాస్తే అన్న పేరూ, దుకాణం పేరూ బయటపడతాయి. నా పేరూ పడుతుంది. కలం మూత తీసి, కొంతసేపు చూసి, మళ్ళీ పెట్టేశాను.