వియ్యంకుడి బొమ్మలు

పెర్త్‌లో మా వియ్యంకుడు పోయారని మొన్న ఉదయం కాఫీ వేళ కోడలికి ఫోనొచ్చింది. నిద్రలోనే వెళ్లిపోయారట. తండ్రి కదా, కోడలు కూలబడిపోయింది. ఆయనకు మాత్రం చివరికి అది కూడా సులువుగానే అమరింది.

పోయినవారి గురించి మంచే రాయాలంటారు. ప్రయత్నిస్తాను.

ఆయన అక్కడ హారిస్‌డేల్‌లో కొడుకు దగ్గర, నేను దేశానికి ఈ చివర క్రెయిగీబర్న్‌లో నా కొడుకు దగ్గర. మా ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి ఒక్క మనవరాలే. నా పక్క గదిలో ఉంటూ ఆ పిల్ల ఆయన పంపే ఎమోజీలు చూసి పకపకా నవ్వేది. దాని పుట్టినరోజుకి నేను మంచి తెలుగులో పేజీడు ఆశీర్వచనం మెసేజ్ పెట్టాను. దానికి తెలుగు చదవడం రాదు. "టూ లాంగ్ తాతా, ఏముందో నువ్వే చెప్పు" అంది. ఆయన ఏనుగునూ కిరీటాన్నీ కేకునూ పంపితే ఇల్లంతా గెంతింది.

రోజూ తన చిన్ననాటి ముచ్చటొకటి బొమ్మల్లో పంపేవారు: సైకిలు, వాన, మేక, పరుగు. పిల్ల ఆ కథ విప్పి బొమ్మల్లోనే బదులివ్వాలి. ఫోన్‌లో దొరకని బొమ్మను వెబ్‌లో గాలించి, కాపీ చేసి తెచ్చి అతికించేవారు. అంత ఓపిక నాకు పుస్తకాల మీద తప్ప ఎప్పుడూ లేదు.

ఇక్కడికి వచ్చినప్పుడు, పెరట్లో బార్బెక్యూ పొయ్యి దగ్గర, అందరి ముందూ నాకు పాఠం చెప్పారు. "అన్ని బొమ్మల్లో ఎక్కడ వెతుకుతారు బావగారూ? పైన ఇంగ్లీషులో పేరు కొట్టండి, అదే వస్తుంది."

"అక్షరాలుండగా బొమ్మలెందుకండీ?" అన్నాను.

"అక్షరాలు మీకు, మనవరాలు నాకు. పంచేసుకున్నాం కదా!"

అందరూ నవ్వారు, నా కొడుకుతో సహా. వియ్యంకుల వేళాకోళమే. అయినా గుచ్చుకుంది. ఆ ముల్లు ఇంకా ఉంది.

నిన్న, ఆయన చెప్పినట్టే పేరు కొట్టి, ఒక హృదయం వెతికి పిల్లకు పంపాను. "థాంక్స్ తాతా" అని ఇంగ్లీషు అక్షరాల్లో జవాబొచ్చింది. గదిలోకి వెళ్లి అడిగాను.

"బొమ్మ పెట్టలేదేమే?"

ఫోన్‌లో ఈమధ్య వాడిన బొమ్మల వరుస తెరిచి చూపించింది. "ఇవన్నీ నేనూ ఆ తాతా వాడినవి. కొత్తది పెడితే లాస్ట్‌ది అవుట్ అయిపోతుంది. దెన్ ఇట్స్ గాన్."

ఇకనుంచి నాకు మాటలే రాస్తుందట. ఇన్నాళ్లూ నేను కోరుకున్నది అదే. అదీ ఆయన చలవే అయింది.

కప్ప, లాంతరు, గాలిపటం, కొబ్బరికాయ, బోసినవ్వు. వాటి మీద, ఫోన్ అద్దానికి తగలకుండా, పిల్ల బొటనవేలు.