కుడివైపు నుంచి తెరిచిన పుస్తకం

రమాబాయికి ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా తెలుగులో ఒక కథ చదవడం రాలేదు. మాట్లాడేది తెలుగే. కలలు వచ్చేదీ తెలుగులోనే. అక్షరం మాత్రం ఉర్దూ. తండ్రి నిజాం కాలంలో గుడి కాగితాలు ఉర్దూలో రాసేవాడు. కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని కలం పట్టించింది ఆయనే. ఆయన పోయాక ఆ అక్షరమే ఆమెకు పురానాపూల్ దగ్గర ఆడపిల్లల బడిలో ఉద్యోగమైంది. సంబంధాలు వచ్చాయి. ఉద్యోగం మానెయ్యాలన్నారు ఒకరు. తల్లిని వదిలి రావాలన్నారు ఇంకొకరు. తరువాత రావడం మానేశాయి.

కర్నూలు నుంచి ఆఫీసులు హైదరాబాదుకు తరలివచ్చిన మరుసటి ఏడు వాళ్ల ముందుగదిలోకి రంగనాథ్ అద్దెకు దిగాడు. సర్కారు గుమాస్తా. ముప్పై దాటాయి, పెళ్లి కాలేదు. రమాబాయి తల్లి సూర్యప్రభ గోత్రం, సూత్రం, వాళ్లమ్మ పుట్టింటి ఊరు అన్నీ అడిగి, ఆ తరువాతే తాళంచెవి ఇచ్చింది.

అతనికి ఉన్న వ్యసనం ఒక్కటే, నవలలు. ఉస్మాన్‌గంజ్‌లో భిక్షపతి అనే మిర్చి వ్యాపారి గుంటూరు బస్తాలతోపాటు తెలుగు నవలలు తెప్పించుకునేవాడు. తాను చదివాక నమ్మకమైనవాళ్లకు ఇచ్చేవాడు. అందుకే ఆ పుస్తకాలు తెరిస్తే ముందు తుమ్ము వచ్చేది, తరువాత కథ. పాతకాలపు కోటలు, మాయమైన నగలు, మారువేషాలు, చివర ఒక పెళ్లి. ఒక ఆదివారం అతడు తనలో తాను చదువుకుంటుంటే పరదా వెనక నుంచి సూర్యప్రభ గొంతు వినిపించింది.

"అదేదో కొంచెం గట్టిగ చదువు బాబూ. మాకు కూడ పొద్దు పోతది."

అప్పటినుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం అదే వరస. ముందుగదిలో రంగనాథ్. గుమ్మానికి పరదా. పరదాకు ఇవతల జపమాలతో సూర్యప్రభ, చిక్కుడుకాయల పళ్లెంతో రమాబాయి. పాలుపోసే రాజమణి గడప మీద కూర్చునేది. ఆమెకు పరదా లేదు.

సోమవారం పొద్దున రమాబాయి బడికి నడిచే దారి మారిపోయేది. ధూల్‌పేట్‌లో ఆరబెట్టిన మట్టి విగ్రహాలకు ఇంకా కళ్లు రాయలేదు. వాటి మధ్య నుంచి ఎవరో మేలిముసుగు మనిషి ముత్యాల సంచితో తప్పించుకుపోయినట్టు ఉండేది. ఆ నవలల రచయితలు ఈ ఊరు చూసినట్టు లేరు. వాళ్ల మూసీలో ఓడలు తిరిగేవి. వంతెన మీద నిలబడి ఆమె కిందికి చూసేది. మోకాలిలోతు నీళ్లు, దున్నపోతులు, ఆరేసిన దుప్పట్లు. కాసేపు చూస్తే ఓడ కూడా కనబడేది. బడి గంట వినిపించి, కొంగు సర్దుకుని, నడక సాగించేది.

ఎండాకాలం చివర ఒక నవల పూర్తిచేసి రంగనాథ్ అన్నాడు.

"అమ్మా, నాకు మలక్‌పేటలో క్వార్టరు ఇచ్చారు."

"ఎప్పుడు పోతవు?"

"ఇంకో పుస్తకం తెచ్చాను. అది చదివేసి వెళ్తాను."

రమాబాయి చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. ఇక ఈ పుస్తకం ఎన్ని ఆదివారాలు నడిస్తే అతడు అన్ని ఆదివారాలు ఉంటాడు. అతడు ఏమైనా అంటాడా, అనకుండానే వెళ్తాడా? ఆమెకు తెలియవలసింది అదొక్కటే. అడగడానికి ఆమెకు దారి లేదు.

ఆ పుస్తకం ఇంటి గూట్లో పెట్టి అతడు ఆఫీసుకు వెళ్లాడు. వచ్చే ఏడు బడిలో తెలుగు కూడా చెప్పాలన్నారని రమాబాయి ఆ వేసవిలోనే పిల్లల వాచకం కొని అక్షరాలు దిద్దుకుంది. ఎంత మందముందో చూద్దామని పుస్తకం చేతిలోకి తీసుకుంది. పుట్టిన దగ్గరినుంచి ఉర్దూ పుస్తకాలు తెరిచినట్టే కుడివైపు నుంచి తెరిచింది. మొదటి పేజీ అనుకున్నది కూడబలుక్కుంటూ చదివింది. ఆ ఒక్క పేజీకే నాలుగు రోజులు పట్టింది.

యువకుడు గుర్రం ఎక్కాడు. ఆమె కిటికీలో నిలబడింది. ఇద్దరూ మాట్లాడలేదు. దుమ్ము లేచింది, అణిగింది. ఆమె కిటికీ మూసింది.

కథ మంచిగా మొదలైంది, అనుకుంది.

ఆదివారం రంగనాథ్ చదవడం మొదలుపెట్టాడు. గుర్రం రాలేదు. గోలకొండ కాలంలో ఒక ముత్యాల వర్తకుని ఇల్లు, అతని కూతురు, పోయిన హారం, దాన్ని వెతకవచ్చిన యువ లేఖకుడు. పేజీ తిప్పుతున్న చప్పుడు వింటూ ఉండగా రమాబాయికి అర్థమైంది. తాను చదివింది మొదలు కాదు, చివరి పేజీ. ఎవరికీ చెప్పలేదు.

అట్లా ఏడు ఆదివారాలు ఆమె ముగింపు తెలిసి కథ విన్నది. లేఖకుడు తోటలో వర్తకుని కూతురికి దీపం అందించాడు. ఆ దీపం వెలుగులో కూడా రమాబాయికి దుమ్మే కనిపించింది.

రాజమణికి అట్లాంటి బాధ లేదు.

"గా సారంగి కొట్టే గుడ్డోడే దొంగ. గట్టిగ చెప్తున్న."

"నీకెట్ల తెలుసే?" అంది సూర్యప్రభ.

"గుడ్డోడు మెట్లు గట్ల చకచక దిగుతడా అవ్వా? మా మామకు కండ్లు లేవు. నాకు తెల్వదా."

"ఆగమ్మా, ఇంకా మూడో ప్రకరణమే కదా," అన్నాడు రంగనాథ్.

"మూడోదైతే ఏంది, పదోదైతే ఏంది. వాడు వాడే."

ఏడో ఆదివారం సారంగివాడు కళ్లు తెరిచాడు. హారం సారంగి బుర్రలో దొరికింది. రాజమణి మోకాలి మీద ఒక దెబ్బ వేసుకుంది. ముందుగదిలో రంగనాథ్ ట్రంకుపెట్టె అప్పటికే కట్టి ఉంది. సూర్యప్రభ జపమాల ఒళ్లో పడి ఉంది, ఆమె నిద్రపోయినట్టుంది.

రంగనాథ్ మంచినీళ్లు తాగాడు. చివరి పేజీ తిప్పాడు.

"యువకుడు గుర్రం ఎక్కాడు."

పరదా వెనక రమాబాయి పెదవులు అతనితోపాటు కదిలాయి.

"ఆమె కిటికీలో నిలబడింది. ఇద్దరూ మాట్లాడలేదు."

ఇక దుమ్ము రావాలి. రాలేదు. అతడు ఆగాడు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు గొంతు కొంచెం తగ్గింది.

"ఏటి ఒడ్డుదాకా పోయిన గుర్రాన్ని అతడు వెనక్కి తిప్పాడు. కిటికీ కింద నిలిచి, నన్ను వెళ్లమంటావా అని అడిగాడు."

పుస్తకం మూసిన చప్పుడు వినిపించింది.

"మరి గామె ఏమన్నది?" అంది రాజమణి.

"అంతే."

"అంతే ఏంది? అడిగినోడు గట్లనే నిలవడ్డడా? ఆమెకు నోరు లేదా?"

"అది ఇందులో రాయలేదమ్మా."

బయట తడకల బండి ఒకటి పోయింది. దాని చప్పుడు సందు మలుపు తిరిగేదాకా రమాబాయి ఆగింది. ఇప్పుడు ఊరుకుంటే ఇక ఎప్పటికీ ఊరుకోవలసిందే.

"గుర్రం తిప్పినట్టు కూడ అందులో రాయలేదు," అంది.

అవతల పుస్తకం మళ్లీ తెరిచిన చప్పుడు వినిపించింది.

"మీకు తెలుగు చదవడం రాదు కదా," అన్నాడు రంగనాథ్ చివరికి.

"ఆ ఒక్క పేజీ వచ్చు. ఉర్దూ కితాబు లెక్క కుడిదిక్కు నుంచి తెరిచిన. ఆఖరిది ముందే చదివిన."



రాజమణి పరదా వంక ఒకసారి, గది వంక ఒకసారి చూసింది. "గిప్పుడు ఏది ఖరారు? మళ్లిండా, పోయిండా?"

"మళ్లిండు," అంది రమాబాయి. "ఆమె పోవద్దన్నది."

పరదా కదలలేదు. గదిలో కుర్చీ కిర్రుమంది. అతడు లేచాడో, మళ్లీ కూర్చున్నాడో ఇవతలికి తెలియలేదు.

సూర్యప్రభ కళ్లు తెరవకుండానే ఒళ్లో జపమాల వెతుక్కుంది.

"బాబూ, మీ అమ్మకు చదువొస్తదా?"

"వస్తుందమ్మా."

"అయితే ఈ సంబంధం ముచ్చట ఆమెకు కార్డు మీద వద్దు. కవర్ల పెట్టి రాయి. కార్డయితే తొవ్వల అందరు చదువుతరు."