ఫోనులో చెంచాలు సర్దిన రోజు

ఆ రోజుల్లో నాకు తెలియని పని లేదనుకునేదాన్ని. నా చదువు పలకతోనే ఆగిపోయినా, ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కి అమ్మిన చెయ్యి నాది. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుండాలో నేను చెప్పాల్సిందే. (ఇప్పటికీ చెబుతాను. వినేవాళ్ళే తగ్గారు.) గిరాకీ పడిపోయి, ఉలి పక్కనపెట్టి కూలికి పోదామా అని మా ఆయన ఆలోచిస్తున్న కాలమది. ఆత్మకూరులో కంప్యూటరు నేర్చుకొచ్చిన మనవరాలు, మన చెంచాలకు ఇంటర్నెట్టులో ఒక పేజీ పెడదామంది. నెల్లూరులో ఒక అంగడావిడ ఆ పేజీ చూసి, నచ్చితే సరుకు తీసుకుంటానంది. ఆమె ఊ అంటేనే మా ఇంట్లో ఉలి ఆడేది.

పేజీ ఎలా సర్దాలన్న దగ్గర నాకూ మనవరాలికీ పేచీ పడింది. "అవ్వా, రెండు దార్లుండాయి. టేబుల్ కట్టి గడికొక చెంచా పెట్టొచ్చు. లేదంటే స్టైల్ షీట్ అని, ఏది ఎట్టుండాలో వేరేగా ఒక్కచోట రాసిపెట్టొచ్చు. నాకైతే రెండోదే మేలనిపిస్తాది" అంది. "వేరేగా ఎందుకే దండగ! గళ్ళు కట్టు. గళ్ళు లేకపోతే చెంచాలు దొర్లిపోవా?" అన్నాను. (సంతలో గళ్ళ పెట్టెలో సర్ది అమ్మినదాన్ని, ఇంకెలా తోస్తుంది?) "అవి ఫోటోలవ్వా, యాడికి దొర్లతాయి!" అని నెత్తి కొట్టుకుంది గానీ, నా మాట దాటలేక గళ్ళు కట్టింది. పొడుగు గరిటెలను కాడలు ఎడమకు వచ్చేలా పడుకోబెట్టించాను. కంప్యూటరులో చూస్తే ముచ్చటగా ఉంది.

మర్నాడు అంగడావిడ ఫోను చేసింది. "ఏంది పెద్దమ్మా, చెంచాలన్నారు, నా ఫోన్లో ఒట్టి కర్రలు కనబడతుండాయి! కట్టెల అడితి పెట్టినారా? సాయంత్రం మళ్ళీ చూస్తా, అప్పుడూ కర్రలే అయితే నాకొద్దు." మనవరాలి ఫోనులో చూస్తే నిజమే. టేబులు తెర కుడి అంచు దాటి పోయింది. కాడలే మిగిలాయి, తలలు లేవు.

"ఇప్పుడన్నా నన్ను చెయ్యనిస్తావా?" అంది. "చెయ్యమ్మే" అన్నాను, గొంతు తగ్గించి. గళ్ళన్నీ పీకేస్తుంటే చూడలేక కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఫోనులో చెంచాలు ఒకదాని కింద ఒకటి, తలలతో సహా, బుద్ధిగా ఉన్నాయి. అదే పేజీ కంప్యూటరులో వరసకు నాలుగు!

"ఎవురు చెప్పినారే వాటికి, ఇది ఇరుకిల్లు, అది పెద్దిల్లు అని?"

"ఆ షీటే అవ్వా."

అని, ఆ షీటులో ఒక్క మాట మార్చింది. అన్ని చెంచాల వెనకా ఒకేసారి పసుపు రంగు పరుచుకుంది. (నేను పొద్దుట్నించి అరిస్తే గానీ మా ఇంట్లో ఒక మంచం కదలదు.)

సాయంత్రం అంగడావిడ "పంపించండి పెద్దమ్మా" అంది. మా ఆయన ఉలి నూరుకోవడానికి లేచాడు. సరుకు మూట గట్టాల్సిన నేను మాత్రం గడప మీద కూర్చుని, ఫోనును నిలువుగా, అడ్డంగా తిప్పుతూనే ఉన్నాను. తిప్పినప్పుడల్లా చెంచాలు జరిగి ఒకదానికొకటి చోటిచ్చుకుంటున్నాయి. "ఇంక చాల్లే, ఫోనియ్యవ్వా" అంది మనవరాలు. ఊళ్ళో అందరినీ అదిలించే నాలాంటి ముసలమ్మ, "ఒక్కసారమ్మే, ఇంకొక్కసారి" అని బతిమాలడం తలుచుకుంటే ఇప్పటికీ నాలో నేనే నవ్వుకుంటాను.