బిక్షపతి పరిచిన బాట

నాచారం పార్కులో తోటమాలిగా చేరిన నాటి నుంచీ బిక్షపతికి ఒకటే పోరు. బస్సు దిగిన ఫ్యాక్టరీ ఆడవాళ్లు ముందు గేటులోంచి వచ్చి, పచ్చిక మీదుగా అడ్డంగా నడిచి, వెనక గేటు దాటి పనికి పోయేవాళ్లు. చుట్టూ టైల్స్ బాట ఉన్నా దాని ముఖం చూసేవాళ్లు లేరు. గడ్డి చచ్చి నడుమ మట్టిగీత తేలింది. ఒకప్పుడు అదే ఊళ్లో వరి పండించిన కుటుంబం ఆయనది. పచ్చగా మొలిచినదాన్ని తొక్కితే ప్రాణం ఒప్పేది కాదు. బోర్డు పెట్టాడు, అరిచాడు, చివరికి మోకాలెత్తున తాడు కట్టాడు.

మర్నాడు పొద్దున బట్టల కంపెనీలో కుట్టుపని చేసే కల్పన ఆ తాడు తట్టుకుని బోర్లా పడింది. మోచెయ్యి, మోకాలు దోక్కుపోయాయి. డబ్బాలోని పప్పన్నం గడ్డిపాలైంది. ఆమె తిట్టలేదు. "ఎనిమిదింటికి లోపలుండాలన్నా. చుట్టు తిరిగితే లేటైతది, సగం పూట ఆబ్సెంట్ ఏస్తరు," అని కుంటుకుంటూ వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం బిక్షపతి తన సద్దిడబ్బా తీసుకెళ్లి కంపెనీ గేటు దగ్గర ఆమె చేతిలో పెట్టి వచ్చాడు. సాయంత్రం తాడు విప్పేశాడు. వారం పాటు ఎవరు ఎటు నడుస్తున్నారో గమనించి, పార్కు మూలన మిగిలిపోయి ఉన్న షాబాద్ బండల్ని సరిగ్గా ఆ మట్టిగీత మీదే పరిచాడు. ఎండలో ఉన్న బెంచీని వేపచెట్టు కిందికి జరిపాడు.

తనిఖీకి వచ్చిన ఇంజనీర్ వీరేందర్ మండిపడ్డాడు. ప్లాన్‌లో లేని బాట ఎవర్నడిగి వేశావన్నాడు.

"ప్లాను మీరు ఆఫీసుల గీసిన్రు సార్. గీ ఆడోళ్లు కాళ్లతోని గీసిన్రు. నేను బండలే ఏసిన," అన్నాడు బిక్షపతి. "రేపు జర ఏడున్నరకొచ్చి సూడున్రి. తప్పనిపిస్తే నేనే పీకేస్త."

వీరేందర్ వచ్చాడు. బస్సు ఆగింది. నలభై మంది ఆడవాళ్లు ముచ్చట్లాడుకుంటూ బండల మీదుగా సాగిపోయారు. పచ్చికలో ఒక్క అడుగు పడలేదు. ఆయన కాసేపు వేపచెట్టు కింద కూర్చున్నాడు. తర్వాత బండలు కదలకుండా సిమెంటు వేయమని మేస్త్రీకి ఫోన్ చేశాడు.

రెండు నెలలకు బోడుప్పల్‌లో కొత్త పార్కు పని మొదలైంది. వీరేందర్ బిక్షపతిని తన బండి మీద ఎక్కించుకుపోయి, ఇక్కడ బాటలు ఎటు వేద్దామని అడిగాడు. ఇప్పుడే ఏమీ వేయొద్దని, గేట్లు తెరిచి జనం ఎటు నడుస్తారో ఒక నెల చూడమని చెప్పాడు బిక్షపతి. ఇంజనీరు తలూపి డైరీలో రాసుకున్నాడు.

ఇంజనీరు తన మాట డైరీలో రాసుకున్నాడని ఇంటికొచ్చి భార్య కిష్టమ్మకు చెబితే ఆమె అస్సలు నమ్మలేదు.