క్లౌడ్‌లోకి ఎక్కిన పదో తరగతి లెక్కలు

2020 ఆగస్టు చివర్లో ఉపాధ్యాయులు బడులకు రావాలని ఆదేశాలు వచ్చేనాటికి నేను వీపనగండ్ల మండలంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంటును. హైస్కూలు తరగతుల్లో ఒక సబ్జెక్టు భారమంతా మోసే ఉద్యోగాన్ని మా శాఖలో అలా అంటారు. నా సర్వీసులో అదే ఆఖరి పోస్టింగు. కాపురం కొత్తకోటలో. హైవే మీద బస్సులో పెబ్బేరు దాకా వెళ్లి, అక్కడ షేర్ ఆటో ఎక్కి బడికి చేరేదాన్ని.

పిల్లలు లేని బడికి వెళ్లడం నాకు అదే మొదలు. వేసవి సెలవుల్లో కూడా ఎవరో ఒకరు మైదానంలో ఆడుతుండేవారు. ఆ రోజు ప్రార్థన జరిగే చోట వయ్యారిభామ మొక్కలు మోకాలి ఎత్తు పెరిగి ఉన్నాయి. ఆఫీసు గది బయట కుర్చీలు దూరం దూరంగా వేసుకుని కూర్చున్నాం.

పాఠాలు టీవీలో వచ్చేవి. పిల్లలు చూశారో లేదో ఫోన్ చేసి కనుక్కోవడం, వర్క్‌షీట్లు రాయించడం మా పని. పదో తరగతికి అది చాలదని మా ప్రధానోపాధ్యాయుడు రాఘవేందర్ సారు అభిప్రాయం. ఆయన మాట మీద నేను ఉదయం పూట ఫోన్‌లో లైవ్ క్లాసు మొదలుపెట్టాను. తరగతిలో సగం మంది కూడా రాలేదు. ఉన్న ఒక్క ఫోనూ తండ్రి జేబులో పొలానికి వెళ్లిపోయేది.

రాని వాళ్లలో సువార్త ఒకతి. తొమ్మిదిలో లెక్కల్లో నెమ్మదే కానీ, లెక్క రాకపోతే ఊరుకునే పిల్ల కాదు. ఇంటికి వెళ్తే అవ్వ ఒక్కతే ఉంది. కొడుకూ కోడలూ బెంగళూరులో బిల్డింగు పనికి పోయారనీ, పిల్లను కూడా తీసుకుపోయారనీ చెప్పి నంబరు ఇచ్చింది. ఆ తండ్రి పేరు ఏసన్న. అతనికి ఫోన్ చేశాను.

"బడి బందైంది గద మేడం. ఊళ్ల దాన్ని ఇడిసిపెట్టి ఏం జెయ్యాలె? చిన్నోన్ని పట్టుకోనీకె ఉంటదని తోలుకొచ్చినం" అన్నాడు.

"బడి బందైంది గానీ పాఠం బంద్ కాలే ఏసన్నా. ఫోన్ల చెప్తున్న."

"ఫోన్ నా తానుంటది. పని దిగి వచ్చేసరికి పొద్దు గూకుతది. అప్పుడు మీరు చెప్తరా?"

అతని మాటలో వెటకారం లేదు. తెలుసుకోవాలనే అడిగాడు. ఒక్కొక్కరి ఇంటికి ఫోన్ ఒక్కొక్క వేళ చేరుతుంది. అందరికీ కలిసే వేళ అంటూ లేదు. ఫోన్ ఇల్లు చేరేదాకా పాఠం ఎక్కడో ఆగి ఉండాలి.

ఈ సంగతి జీవశాస్త్రం చెప్పే షబానాతో అన్నాను. వనపర్తి నుంచి స్కూటీ మీద వచ్చేది, నాకంటే చాలా చిన్నది, నన్ను అక్కా అనేది. పాఠం వీడియో తీసి క్లౌడ్‌లో పెడదామంది. గ్రూపులో పంపితే ఫోన్ నిండిపోయి తండ్రులు చెరిపేస్తున్నారు, అక్కడ పెడితే అలా కాదని వివరించింది.

"బీరువ అనుకో అక్కా. అది ఈడుండదు, ఇంకెక్కడనో ఉంటది. తాళంచెవి మాత్రం నీ తానుంటది. చూడనీకె ఎవరికియ్యాలె, లోపల సర్దనీకె ఎవరికియ్యాలె, నువ్వే చెప్పాలె."

హెడ్మాస్టరు గారు నవ్వి, "మన పాలమూరుల మబ్బును నమ్మి ఇత్తనమేసినోడు ఎవడు బాగుపడ్డడమ్మా?" అన్నారు. అని ఊరుకోలేదు, ఏడో తరగతి గది మాకు ఖాళీ చేయించి ఇచ్చారు. అక్కడి నల్లబల్ల మీద వెలుగు పడి మెరవదు.

ల్యాబులో బ్యూరెట్ పట్టి ఉంచే ఇనుప స్టాండుకు షబానా తన ఫోన్ బిగించింది. చప్పుడు చేస్తుందని ఫ్యాను ఆపేశాం. వర్గ సమీకరణాలు మొదటి పాఠం. ఎన్నో ఏళ్లుగా చెప్తున్నదే కదా అని ధైర్యంగా చెప్పేశాను. ఇద్దరం కూర్చుని చూసుకున్నాం. "పిల్లలకు నీ కొప్పు కనవడ్తుంది అక్కా, లెక్క కనవడ్తలేదు" అంది షబానా. నిజమే. బోర్డు మీద రాస్తున్నంతసేపూ నేను బోర్డుకు అడ్డంగానే ఉన్నాను. పక్కకు ఒదిగి నిలబడి చేయి చాచి రాయడం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. శ్రేఢుల పాఠం మధ్యలో పాత ఇనుము కొంటామనే ఆటో మైకు వచ్చి చేరింది. అదంతా మళ్లీ చెప్పే ఓపిక లేక అలాగే ఉంచాం. పిల్లలకు ఆ పాఠమే బాగా గుర్తుండిపోయింది.

వీడియోను క్లౌడ్‌లోకి పంపడాన్ని ఎక్కించడం అనేవాళ్లం. బడిలో సిగ్నల్ సరిగ్గా దొరికేది డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన మాత్రమే. వీడియో ఎక్కినంతసేపూ ఆ నీడలో కూర్చునేవాళ్లం. ఆమె తెచ్చిన ఖీమా ఆమె తినేది, నా జొన్నరొట్టె, పచ్చడిగా నూరిన పల్లికాయ తొక్కు నేను తినేదాన్ని. తర్వాత్తర్వాత ఆ తొక్కు ఆమెదే అయిపోయింది. చుట్టూ వేరుశనగ చేలు, దూరంగా కాలువ గట్టు, తెర మీద మెల్లగా జరిగే నీలం గీత. గంటలూ పీరియడ్లూ ఉన్న రోజుల్లో తోటి ఉపాధ్యాయురాలితో అంత తీరికగా మాట్లాడిన గుర్తు నాకు లేదు. సర్వీసంతటిలో ఏ రోజులు మళ్లీ రావాలని ఉందంటే ఆ మధ్యాహ్నాలే చెప్తాను.

ఫోల్డర్లు చేయడం, పాఠాలకు వరుసగా పేర్లు పెట్టడం, లింకు పంపడం, ఎవరికి చూసే అనుమతి, ఎవరికి మార్చే అనుమతి అన్నవి ఒక్కొక్కటే నా చేతికి వచ్చాయి. 'జవాబులు' అని వేరే ఫోల్డరు పెట్టి, పిల్లలు చేసిన లెక్కలను ఫోటో తీసి అందులో వేయమన్నాను. ఏసన్న ఫోన్ నుంచి సువార్త ఫోటోలు రావడం మొదలైంది. సిమెంటు బస్తా మీద పరిచిన కాగితం, దాని మీద లెక్కలు, ఒక మూల ఆమె తమ్ముడి చిన్న కాలు. మొదట్లో గుర్తుల తప్పులు ఎక్కువగా ఉండేవి. దీపావళి నాటికి వాటిలో తప్పు దొరకడం అరుదైంది.

డిసెంబరులో ఆ ఫోటోలు ఆగిపోయాయి. ఫోన్ చేస్తే ఎత్తేవారు కాదు. జనవరిలో, ఫిబ్రవరి నుంచి తొమ్మిది, పది తరగతులు తెరుస్తారని ప్రకటన వచ్చింది. పదో తరగతి పరీక్ష రాసేవారి పేర్లతో పైకి పంపే జాబితాను నామినల్ రోల్ అంటారు. దానికి పిల్లల వివరాలు సిద్ధం చేస్తూ, బడికి రాని పిల్ల పేరు ఎలా పంపాలని హెడ్మాస్టరు గారు అడిగారు. నేను ఫోన్ తెరిచి ఆ ఫోల్డరు చూపించాను. ఆయన ఒక్కొక్క ఫోటో పెద్దది చేసి చూశారు. పేరు ఉంచుదాం కానీ, పిల్ల మాత్రం రావాలి, అది మీ బాధ్యత అన్నారు.

చివరికి ఒక ఆదివారం ఏసన్న దొరికాడు.

"ఈడ పనికి మనుషులు తక్కువున్నరు మేడం. పిల్ల గూడ జర చేతికందొచ్చింది. మేస్త్రి రమ్మన్నడు, పోతుంది" అన్నాడు. ఆ వెంటనే అతనే మళ్లీ అందుకున్నాడు. "మీ గొంతు నాకు బాగెర్కే మేడం. బువ్వ తినేటప్పుడు రోజు మీ లెక్కలే ఇన్న. ఇప్పుడు నెలసంది ఇనవడ్తలేవు. ఇల్లు సప్పగున్నది."

ఫోన్‌ను అతని చేతిలోంచి ఎవరో తీసుకున్నారు. భార్య దేవమ్మ. అంతకు ముందు నాతో ఎన్నడూ మాట్లాడలేదు.

"మేడం, నాకు సంతకం గూడ రాదు. ఆ పని జెయ్యనీకె నేనున్న, పిల్లెందుకు? బస్సెక్కిస్త. పెబ్బేరుల దిగినంక మీరు చూస్కుంటరా?"

"చూస్కుంట దేవమ్మా" అన్నాను.

బడి తెరిచే ముందు రోజు ఉదయం పెబ్బేరు బస్టాండులో నిలబడ్డాను. బెంగళూరు నుంచి వచ్చిన బస్సులోంచి సువార్త ఒక సంచీతో దిగింది. మాస్కులో ముఖం గుర్తుపట్టడం కష్టమైంది, ఎత్తు కూడా పెరిగింది. అరచేతులు గరుకుబారి ఉన్నాయి. ఆటోలో అవ్వ దగ్గర దింపాను.

ఆ వారంలోనే జరిగిన సంగతి ఒకటుంది. త్రికోణమితి చెప్తున్నాను. బోర్డు మీద కొండా, ఊర్ధ్వకోణమూ గీసి, ఇక్కడ టాన్ తీసుకుంటాం అని రాసి ముందుకు వెళ్తున్నాను. వెనక నుంచి, "మేడం, జర ఆగండి" అని వినిపించింది. సువార్త లేచి నిలబడి ఉంది. పిల్లలు నవ్వారు.

"గీడ సైన్ ఎందుకు తీస్కోలే మేడం?"

మంచి ప్రశ్న. కొండ ఎత్తూ, నేల మీది దూరమూ మనకు కావాలి, ఏటవాలుగా ఉన్న గీతతో ఇక్కడ పని లేదు అని గీసి చెప్పాను. అర్థమయ్యాక కూడా ఆమె కూర్చోలేదు.

"బెంగళూరుల ఆపుకుంట ఆపుకుంట ఇన్న మేడం. తెల్వకపోతే మిమ్మల్ని ఆపి మళ్ల ఎనుకకు పోతుంటి. గీడ ఆపొస్తలేదు. గందుకే అడిగిన."

తరగతిలో ఈసారి నవ్వు రాలేదు. పక్క వరుసలో ఒకబ్బాయి లేచి, అంతకు ముందు లెక్క తనకూ అర్థం కాలేదు, మళ్లీ చెప్పమన్నాడు. తర్వాత ఇంకొకరు. ఆ రోజు అనుకున్న పాఠంలో సగం కూడా కాలేదు.

మార్చిలో బడులు మళ్లీ మూశారు. ఆ ఏడు పదో తరగతి పరీక్షలు రద్దు చేసి, బడిలో అప్పటికి జరిగిన నిర్మాణాత్మక మూల్యాంకనం మార్కుల మీద ఫలితాలు ఇచ్చారు. మేము సంవత్సరం మధ్యలో పెట్టే చిన్న పరీక్షలవి. బడి తెరిచి ఉన్న ఆ కొద్ది వారాల్లోనే సువార్త వాటిని రాసింది. వనపర్తిలో ఇంటర్ చేసి, ఇప్పుడు గద్వాలలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తూ డిగ్రీ దూరవిద్యలో చదువుతోంది. ఏసన్న, దేవమ్మ పనుల రోజుల్లో ఇంకా బెంగళూరు పోతూనే ఉన్నారు.

ఉద్యోగ విరమణ దాకా నాకు మిగిలిన కాలంలో బోధన ఒక విధంగా మారింది. లెక్కలో ప్రతి మెట్టు దగ్గరా చాక్‌పీసు కింద పెట్టేదాన్ని. అర్థమైందా అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు పిల్లలు ఎప్పుడూ అయింది మేడం అనే అంటారు. ఎక్కడ ఆపమంటారు అని అడిగేదాన్ని. మొదట్లో ఎవరూ చెప్పలేదు, తర్వాత రోజూ ఎవరో ఒకరు చెప్పేవారు. సిలబస్ ఆలస్యంగా పూర్తయ్యేది, దానికి రెండుసార్లు సంజాయిషీ ఇచ్చుకున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరి పరికరాల గురించి అడిగే వాళ్లకు నేను చెప్పేది ఇదే. ఏ పరికరం వాడినా, పాఠాన్ని ఆపే వీలు పిల్లల చేతిలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ముందు అది ఇవ్వండి.