ఉత్త ఫ్లాష్

ఒక ముసలమ్మ ముఖం చాలా ఏళ్లుగా నా మీద బరువుగా ఉంది. ఆ ముఖాన్ని నేను ఫోటో తీయలేదు. తీసినట్టు నటించాను. ఆ తర్వాత చేసింది అంతకంటే పెద్ద తప్పు.

నేను దేవుణ్ణి నమ్మను. నమ్మేవాళ్లకు ఒక సదుపాయం ఉంది. తప్పు చేస్తే కృష్ణలో మునిగి లేస్తారు, హుండీలో ఏదో వేస్తారు, తలనీలాలిచ్చి తేలికపడి ఇంటికి వస్తారు. ఆ దారిని వెక్కిరిస్తూ ఇన్నేళ్లు బతికినవాణ్ణి, ఇప్పుడు అవసరం పడిందని అందులో నడవలేను. అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు రాయడం లేదు. వాళ్ల పేర్లు మార్చాను. ఇది పిరికితనమా? కొంత అదే. మిగతాది ఏమిటో చివరికి మీకే తెలుస్తుంది.

ముందు నా పని గురించి చెప్పాలి. గర్వంగానే చెబుతాను. తప్పు ఒప్పుకునేవాడు తలవంచుకునే మాట్లాడాలని ఒక ఆచారం ఉంది, నాకు ఆచారాలు పడవు.

నకిరేకల్‌లో ఒక చిన్న స్టూడియోలో పని నేర్చుకున్నాను. మాది వ్యవసాయ కుటుంబం. ఫోటోలు తీసి బతుకుతానంటే మా నాయిన నవ్వాడు. తర్వాత మహబూబ్‌నగర్‌లో సొంత దుకాణం పెట్టాను. అమావాస్య నాడు, రాహుకాలం చూసి మరీ తెరిచాను. కొబ్బరికాయ కొట్టలేదు, గుమ్మానికి నిమ్మకాయ కట్టలేదు. జాగా ఇచ్చిన పెద్దమనిషి గుమ్మం దగ్గరే నిలబడి, "నువ్వు మునుగుతె మునుగు బిడ్డా, నా గోడలను ముంచకు" అన్నాడు. గోడలు నిలిచాయి. నేనూ నిలిచాను. చేతి ఫోన్లు వచ్చి మా వీధిలో స్టూడియోలు ఒక్కొక్కటే మూతపడుతుంటే నాది మూతపడలేదు. పెళ్లికూతురి రంగు మార్చమంటే మార్చలేదు. సంబంధాల కోసం ఫోటో తెల్లగా చేసిమ్మని వచ్చిన తల్లిదండ్రులను, మీ పిల్ల రంగులో తప్పేముందని అడిగి వెనక్కి పంపాను. వాళ్లలో కొందరు తిట్టుకుంటూ పోయి, పెళ్లికి నన్నే పిలిచారు.

సెలవు రోజుల్లో హేతువాద మిత్రులతో ఊళ్లకు పోయి సభలు పెట్టేవాళ్లం. వేదిక మీద ఉత్త చేతిలోంచి విభూతి తీసి చూపించేవాణ్ణి. జనం నోళ్లు తెరిచేవాళ్లు. వెంటనే వేళ్ల సందులో దాచిన విభూతి ఉండను చూపించి, "మీరు చూశామనుకున్నది మీరు చూడలేదు, నేను చూపించాలనుకున్నదే చూశారు" అనేవాణ్ణి. బాబాల మీద ఆ మాట ఎంత వేడిగా అనేవాణ్ణో ఇప్పటికీ గుర్తుంది. ఆ వేడి అబద్ధం కాదు. ఈ రోజుకీ అంటాను.

కానీ నా దగ్గరా ఒక ఉండ ఉంది. దాన్ని ఏ వేదిక మీదా విప్పి చూపలేదు.

దాన్ని మా వృత్తిలో ఉత్త ఫ్లాష్ అనేవాళ్లం. రీళ్ల కాలంలో మా గురువు నేర్పాడు. పెళ్లి స్టేజీ మీదికి మేనత్తలు, వాళ్ల తోటికోడళ్లు, పక్కింటివాళ్లు వరసగా ఎక్కుతూనే ఉంటారు. అందరినీ తీస్తే రీలు తాళి కట్టేదాకా రాదు. తీయనంటే అలుగుతారు. ఫ్లాష్ వెనక ఒక చిన్న బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే వెలుగు వస్తుంది, ఫోటో రాదు. వెలుగు పడితే చాలు, వాళ్లు సంతోషంగా దిగిపోతారు. ఆల్బమ్‌లో లేకపోతే కడిగేటప్పుడు పాడైందని చెప్పేవాళ్లం. జిల్లాలో ఈ పని చేయని ఫోటోగ్రాఫర్ ఉండడని మా గురువు అనేవాడు. అందరూ చేస్తారు కాబట్టి తప్పు కాదనుకున్నాను. ఇదే మాట మూఢనమ్మకాల గురించి ఇంకొకరు అంటే నేను ఊరుకునేవాణ్ణా?

తెలంగాణ వచ్చిన కొత్తలో నారాయణపేట నేత మీద ఫోటోలు తీయాలని వెళ్లాను. ఎవరూ అడగలేదు, నాకే కోరిక. అక్కడ శరణమ్మ దొరికింది. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చుని గళ్ల చీర నేస్తోంది. పోగు తెగితే ఆమె చూడదు. వేళ్లే వెతుక్కుంటూ పోయి, దొరకబుచ్చుకుని, ముడి వేసి వస్తాయి. కిటికీలోంచి వెలుతురు ఆ వేళ్ల మీద పడుతోంది. నాకు ఒళ్లు తెలియలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ చేతులే తీశాను. ఫ్లాష్ వేయలేదు. వేస్తే ఆ వెలుతురు చచ్చిపోతుంది.

పక్కన ఆమె కూతురు అనసూయ కండెలు చుడుతోంది. అదే ఊళ్లో ఇచ్చారు, తల్లికి సాయంగా వస్తుంటుంది. సాయంత్రం నేను సర్దుకుంటుంటే శరణమ్మ మగ్గం ఆపింది.

"పొద్దుగాల్నుంచి నా చేతులే సూస్తున్నవ్. రోగమేమన్న కనపడ్డదా కొడకా? నువ్వు ఫోటోలోనివా, డాక్టరువా?"

అనసూయ నవ్వు ఆపుకోలేకపోయింది. "తీసిండే అమ్మా, శానా తీసిండు."

"ఏడ తీసిండు? ఒక్కపారన్న ఎలుగు రాలె. ఎలుగు రాంది ఫోటో ఎట్లయితది? జరాగు కొడకా, మొఖం కడుక్కొనొస్త. మొఖంది ఒక్కటి తియ్యి. రేపు నేను పోతె గీ పిల్ల దేన్ని సూసుకుంటది, నా చేతులనా?"

లోపలికి పోయి తల దువ్వుకుని, తను నేసిన ఎర్రంచు చీర కట్టుకుని వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుంది. కెమెరాలో కార్డు నిండిపోయింది. ఇంకొక ఫోటో పట్టాలంటే ఒకటి చెరపాలి. చెరపవలసింది వందల చేతుల్లో ఒక్క జత. నేను చెరపలేదు. సంచిలోంచి ఫ్లాష్ తీసి కెమెరాకు తగిలించి, కంటికి ఆన్చి, వెనక బటన్ నొక్కాను. గది తెల్లగా వెలిగింది.

ఎందుకు చేశాను? బస్సు టైమైందని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ ముఖం నాకు అక్కర్లేకపోయింది. నాకు కావలసింది పొద్దుటి నుంచి తీసుకున్నాను. ఆమె అడిగినది నా కళకు పనికొచ్చేది కాదు. మనిషిని మనిషిగా చూడాలని వేదికలెక్కి చెప్పినవాణ్ణి, ఒక మనిషిని మణికట్టు దాకా చూసి చాలనుకున్నాను.

ఆ చేతులు నన్ను ఎక్కడికో తీసుకుపోయాయి. హైదరాబాద్‌లో ఒక ప్రదర్శనలో గోడకెక్కాయి. అవి చూసి చీరల వ్యాపారులు పిలిచారు. మోడలును పెట్టి తీసే చీరల ఫోటోలు కాకుండా, నేసినవాళ్ల ఇంట్లో, మగ్గం పక్కన, పగటి వెలుతురులో తీస్తానంటే మొదట వింతగా చూశారు, తర్వాత అవే కావాలన్నారు. ఈ రోజు నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు నాలుగు జిల్లాల్లో కెమెరాతో ఇల్లు నడుపుకుంటున్నారు. ఫోన్ల కాలంలో ఫోటోగ్రాఫరు ఎలా బతకాలని వాళ్లు అడిగితే, ఫోను చూడలేనిది చూడండని చెబుతాను. ఆ మాట శరణమ్మ ఇంట్లో నేర్చుకున్నదే. ఇందులో ఏదీ వెనక్కి ఇవ్వలేను, ఇవ్వను. ఆ చేతుల ఫోటో మంచి ఫోటో. దాని గురించి నాకు సిగ్గులేదు.

సిగ్గు తర్వాతిది.

శరణమ్మ పోయిందని అనసూయ నా దుకాణానికి వచ్చింది. దినాలు దగ్గరపడ్డాయి. పీట మీద పెట్టి దండ వేయడానికి ఫోటో కావాలి. ఇంట్లో ఒక్కటీ లేదు. "మొఖం ఫోటో మీ తాన ఉన్నది గద సార్. గా దినం నేను పక్కకే ఉన్న. ఎలుగొచ్చింది" అంది.

వెలుగొచ్చింది. నిజమే.

లేదని చెప్పవచ్చు. పాడైందని పాత అబద్ధమైనా చెప్పవచ్చు. కానీ దుకాణం గోడ మీద, ఆమె తల వెనకే, తన తల్లి చేతులు నిలువెత్తున వేలాడుతున్నాయి. ఆ చేతుల కింద నిలబడి, మీ అమ్మ ముఖం మాత్రం నేను తీయలేదని ఎలా చెప్పను? "ఉంది" అన్నాను. ఒక్క మాట.

ఫోటో కింద పేరు తప్పు పోకూడదని చెప్పి ఆధార్ కార్డు అడిగి తీసుకున్నాను. దాని మీద ఉన్నది మసక. గడ్డం, నుదురు, పాపిట ఎక్కడున్నాయో తెలుస్తుంది, అంతే. కళ్లూ నోరూ బూడిద రంగులో కలిసిపోయాయి. హుజూర్‌నగర్ వైపు ఒక పెళ్లిలో తీసిన పెళ్లికొడుకు నానమ్మ ఫోటో నా దగ్గర ఉంది. దాదాపు అదే వయసు. కంప్యూటర్‌లో ఆవిడ కళ్లు తీసుకున్నాను. నోరు తీసుకున్నాను. చేతుల ఫోటోల్లోంచి శరణమ్మ చర్మం రంగు తెచ్చాను, ఆ ముడతల తీరు తెచ్చాను. ఎర్రంచు చీర గళ్లు ఒక్కొక్కటి సరిచేశాను. మీకు దాచకుండా చెప్పాలంటే, నా చేతులు అంత నేర్పుగా అంతకు ముందూ తర్వాతా పని చేయలేదు. పూర్తయ్యాక కుర్చీ వెనక్కి జరిపి చూసి సంతోషపడ్డాను కూడా. నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ సంతోషమే. గాల్లోంచి ఉంగరం తీసిన బాబాకు కూడా ఇలాగే ఉంటుందేమో.

అనసూయ అద్దం కట్టిన ఫోటోను రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది.

"మా అమ్మ కండ్లు గింత పెద్దగుండెనా సార్?"

ఇదీ నాకు దొరికిన ఆఖరి అవకాశం. నేను ఊళ్లలో చేయమన్న పనే ఆమె చేస్తోంది. సందేహించమని, అడగమని, కళ్లెదుట ఉన్నదాన్నైనా పరీక్షించమని ఊరూరా చెప్పినవాణ్ణి. ఒక నేతగత్తె కూతురు సందేహించింది, అడిగింది. నేనేమన్నాను?

"దగ్గరికెళ్లి తీసిన గదమ్మా. గట్లనే కనపడ్తది."

ఆమె మళ్లీ చూసింది. వేలితో అద్దం మీద ఆ కళ్లను ముట్టుకుంది. "అవ్ గద. నేనే మర్చిపోయిన. పెండ్లయినంక అమ్మ మొఖం ఎన్నడన్న సక్కగ సూసిన్నా? వస్తిమి, కండెలు చుడితిమి, పోతిమి. ఫోటో అబద్ధమాడుతదా?"

కొంగుతో తుడుచుకుని వెళ్లిపోయింది. తన తల్లి ముఖం గురించి తన జ్ఞాపకమే తప్పని నా దుకాణంలో ఒప్పుకుని వెళ్లింది. ఆ బాబాలు జనం దగ్గర తీసుకున్నది దీనికంటే ఎక్కువా? వాళ్లు కానుకలు తీసుకున్నారు. నేను ఒక కూతురి దగ్గర తల్లి కళ్లు తీసుకున్నాను.

మొన్న, చనిపోయిన పెద్దలకు పెట్టుకునే పెత్రమాస నాడు, చీరల పని మీద నారాయణపేట పోయి, దారిలో వాళ్లింటికి వెళ్లాను. ఫోటోకు దండ ఉంది, ముందు విస్తరిలో ఆమెకిష్టమైనవి వడ్డించి ఉన్నాయి. అనసూయ నన్ను కూర్చోబెట్టి కూతుర్ని పిలిచింది. పెళ్లీడు పిల్ల. "సూడు సార్, దీనికి మా అమ్మ కండ్లే వచ్చినయ్. అందరు గదే అంటరు" అంది. ఆ పిల్ల సిగ్గుపడి ఫోటో వైపు చూసింది. నిజంగానే ఆ పిల్లవి పెద్ద కళ్లు.

నేను అప్పుడూ చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? గోడ మీంచి ఒక ముఖం దిగిపోతుంది. దాని వెనక అనసూయకు అసలు ముఖం మిగిలి ఉందా, నేను దాన్ని పూర్తిగా చెరిపేశానా, నాకు తెలియదు. నిజం ఎప్పుడూ మేలే చేస్తుందని నేను ఎంత గట్టిగా వాదించానో నా మిత్రులకు తెలుసు. ఈ ఒక్క ఇంటి గుమ్మంలో ఆ వాదన నోటికి రావడం లేదు. ఇది దయా, మళ్లీ పిరికితనమా? నేను తేల్చుకోలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించే హక్కున్నది ఒక్కరికే, ఆమెకు నేనేం చేశానో తెలియదు.

నాకు తెలిసింది ఒకటి మిగిలింది. ఆ సాయంత్రం నేను కెమెరాను కంటికి ఆన్చాను. నటించడానికే అయినా చూశాను. కాబట్టి ఆమె అసలు ముఖం చూసిన ఫోటోగ్రాఫరును నేనే. దాన్ని ఇక్కడ పెడతాను.

కళ్లు చిన్నవి. పోగులు వెతికి వెతికి ఇంకా చిన్నవయ్యాయి. ఎడమ రెప్ప కాస్త వాలి ఉండేది. కింది పెదవి పక్కన ఒక మచ్చ. కొంగు సరిగ్గా ఉందా అని ముందు కూతురి వైపు చూసింది, తర్వాత నా వైపు. ముందు పన్ను లేదని పెదవులు బిగించి కూర్చుంది. వెలుగు పడగానే ఉలిక్కిపడి, ఆ బిగింపు మరిచిపోయి నవ్వింది. పన్ను లేని సందు కనిపించింది.

"వచ్చిందా కొడకా?" అని అడిగింది.

వచ్చింది అవ్వా అన్నాను అప్పుడు.

రాలే అవ్వా. నేను తియ్యలే.